కుళ్లాయప్ప గాజింట్లో వాన

కుళ్లాయప్ప కోతలు కోస్తాడని ఆ ఊళ్లో పాలు తాగే పిల్లనడిగినా చెబుతుంది. అయినా అందరూ కూర్చుని వింటారు. రాప్తాడు దాటి లోపలికి పోతే వచ్చే ఆ ఊళ్లో ఎండాకాలం సాయంత్రాలు చాలా పొడుగు. వినడానికి ఒకటి గాలి, రెండు కుళ్లాయప్ప. గాలి ఏడాదంతా ఒకటే పాట పాడుతుంది. కుళ్లాయప్ప అలా కాదు, నిన్న చెప్పిన సంగతిని ఇవాళ ఇంకో మూరెడు సాగదీసి చెబుతాడు, రేపటికి కొంచెం మిగుల్చుకుంటాడు కూడా.

ఆయన భార్య సిద్దమ్మ పెళ్లయిన కొత్తలో ఆ మాటలన్నీ నమ్మింది. నమ్మి, పుట్టింటికి పోయి చెప్పి, నవ్వులపాలై తిరిగొచ్చింది. తర్వాత కొన్నేళ్లు కోప్పడింది. ఇప్పుడు తలలు నెరిశాక కోపం మానేసి, చేతిలో పని చేసుకుంటూ వింటుంది. ఆమె మొగుడు చెడ్డవాడు కాదు. తాగడు, ఒకరి సొమ్ము ముట్టడు, ఒకరిని నొప్పించే మాట అనడు. దేవుడు అందరికీ నాలుక కొలిచి పెట్టేటప్పుడు ఈయన దగ్గర కాస్త చెయ్యి జారింది, అంతే.

కుళ్లాయప్ప గుంతకల్లులో రైలుపెట్టెలకు కిటికీ అద్దాలు బిగించే పని చేసి రిటైరయ్యాడు. భార్య పుట్టిన ఊళ్లో చిన్న ఇల్లు కట్టుకుని వచ్చేసినప్పుడు, లారీలోంచి మంచాలూ గిన్నెలూ దిగకముందే పాత కిటికీ అద్దాలు దిగాయి. గీతలు పడ్డాయని వేలం వేస్తే కొన్నాడు. ఆ అద్దాల మధ్య గోతం చుట్టి పసిబిడ్డలా దాచుకొచ్చిన తొట్టి ఒకటి. తొట్టిలో మోకాలెత్తు మొక్క. ఆఫీసర్ల బంగళాలో తోటపని చేసే స్నేహితుడు ఇచ్చాడట. పేరు కెంటియా. తాటి జాతిదే గానీ, ఎక్కడో సముద్రం నడుమ దీవిలో పుట్టిందట.

ఊరివాళ్లు ఆ పేరు తిరగక దానికి సోమరితాటి అని పేరు పెట్టారు. పేరు సరిగ్గా అతికింది. ఏడాదికి ఒక ఆకు వేస్తే గొప్ప. ఊళ్లో అప్పుడు పెళ్లయిన పిల్లలకు పిల్లలు పుట్టి బడికి పోతున్నారు గానీ, అది మోకాలి నుంచి నడుము దాకా రావడానికే ఆపసోపాలు పడింది. ఈ నేల మీద వీచే ఎండుగాలి తగిలితే ఆకుల అంచులు మాడిపోతాయని, కుళ్లాయప్ప ఇంటి వెనకగోడకు ఆనించి ఆ కిటికీ అద్దాలతో దానికొక గది కట్టాడు. ఎండలు ముదిరితే అద్దాలకు సున్నం పూస్తాడు. పైన గోతాలు పరిచి బట్టలుతికిన నీళ్లతో తడుపుతాడు. ఊరంతా వచ్చి చూసి, రైలు వెళ్లిపోయి కిటికీలు మిగిలాయని నవ్వి పోయారు.

సిద్దమ్మ మొదట్లో అందరికన్నా ఎక్కువ తిట్టింది. కాయ లేదు, కల్లు లేదు, కప్పుకు వేసుకునే ఆకు లేదు, చీపురుకు ఈనె కూడా లేదు, దీనికి గాజు మేడ ఒకటా అంది. కానీ ఒక ఎండాకాలం, దుమ్ము కొట్టుకున్న మొహంతో ఇంటికొచ్చి, ఏదో వెతుకుతూ ఆ గదిలోకి పోయి తలుపు వేసుకుంది. బయట కనుచూపు మేరా నేల ఎర్రగా, గడ్డి తెల్లగా ఉంది. లోపల ఆ మొక్క ఎప్పటిలాగే పచ్చగా నిలబడి ఉంది. చెమ్మ వాసన వచ్చింది. ఆమెకు కళ్లు చల్లబడ్డాయి. అప్పటి నుంచి రోజూ కాసేపు అందులో కూర్చుంటుంది. ఆ సంగతి మొగుడికి చెప్పలేదు. చెబితే తన పెళ్లాం ఆ గదిలో తపస్సు చేసి పడుచుపిల్ల అయిందని ఊళ్లో చెబుతాడని భయం.

ఈ ఏడు ఊరి బోరు సన్నగిల్లింది. వీధి కొళాయికి ఎప్పుడో ఒకసారి నీళ్లు వదులుతున్నారు. మనిషికి ఇన్ని బిందెలని లెక్క పెట్టుకున్నారు. బర్రెకు లెక్క ఉంది, మేకకూ ఉంది. సోమరితాటికి లేదు. కుళ్లాయప్ప వారానికొక బిందె దాని పేరున ఎక్కువ పట్టుకుపోతున్నా ఇన్నాళ్లూ వీధి చూసీచూడనట్టు ఊరుకుంది. ఇప్పుడు కొందరు గొణుగుతున్నారు. కొళాయి దగ్గర వరస చూసేది రామాంజినమ్మ. ఆమె ఏ పదవిలోనూ లేదు, అయినా ఆమె మాట దాటి అక్కడ చుక్క కదలదు. సాయంత్రం ఓబిలేష్ టీకొట్టు దగ్గరికి వస్తాను, ఆ చెట్టు సంగతి అందరి ముందూ తేల్చేస్తానని ఆమె కబురు చేసింది.

ఇద్దరు మనుషులకు వచ్చే బిందెలు తాగడానికీ వంటకే చాలీచాలకుండా ఉన్నాయి. ఆ ఒక్క బిందె పోతే చెట్టు పోయినట్టే. సిద్దమ్మ మొగుణ్ణి కూర్చోబెట్టి చెప్పింది. ఉన్నది ఉన్నట్టు అడుగు, ఒక బిందె ఇయ్యమ్మా అంటే ఆ మనిషి కాదనదు, నీకు దండం పెడతా, కోతలు మాత్రం కొయ్యద్దు. కుళ్లాయప్ప బుద్ధిమంతుడిలా తలూపాడు.

ఓబిలేష్ సిద్దమ్మకు సొంత తమ్ముడు. సాయంత్రాలు ఆమె వాడి కొట్లో కూర్చుని, ఉగ్గాని అనే బొరుగుల ఉప్మా కోసం, నానబెట్టిన బొరుగులు పిండి పెడుతుంది. ఆ రోజూ అదే పని చేస్తోంది. బల్ల మీద కుళ్లాయప్ప, పక్కన వీధివాళ్లు నలుగురైదుగురు, చివర గురప్ప అనే రైతు. గురప్ప ఉన్నాడో లేడో కూడా తెలియదు, అంత తక్కువ మాట్లాడతాడు. రామాంజినమ్మ వచ్చి, కొంగుతో మొహం తుడుచుకుని, అటూ ఇటూ తిప్పకుండా అడిగేసింది.

"ఏమన్నా, ఆ చెట్టు ఎన్ని నీళ్లు తాగుతాది? నిజం చెప్పు."

కుళ్లాయప్ప భార్య వైపు చూశాడు. చూసి, నోరు తెరిచాడు. ఒక్క మాట, ఒక్క బిందె అనే మాట, ఆయన నాలుక చివరిదాకా వచ్చిందని సిద్దమ్మ ఒట్టేసి చెప్పగలదు. కానీ ఎదురుగా అంతమంది కూర్చుని ఉన్నారు. అందరూ ఆయన మొహమే చూస్తున్నారు. ఆకలిగొన్నవాడి ముందు విస్తరి వేసినట్టయింది.

"నీళ్లా?" అన్నాడు కుళ్లాయప్ప. "దానికి మేము నీళ్లు పోసేది యాడిది రామాంజినమ్మా. అదే మాకు పోస్తాండాది."

సిద్దమ్మ చేతిలో బొరుగులు అలాగే ఉండిపోయాయి.

"ఇనండప్పా. అద్దాల గదిలో చెంబుడు నీళ్లు పోస్తే అవి యాడికి పోతాయి? పోయేదానికి దోవ యాడుండాది? మజ్జాన్నం ఆవిరై పైకి లేస్తాయి, పోయి అద్దానికి అంటుకుంటాయి, పొద్దు వాలినంక చుక్కచుక్కగా మళ్లా చెట్టు మీదనే పడతాయి. పోసిన నీళ్లు పోసినట్టే ఉంటాయి. ఇది అబద్ధమైతే మా సిద్దిని అడగండి."

అందరూ సిద్దమ్మను చూశారు. ఆమె తలూపింది. అది నిజమే. పొద్దుగూకే వేళ ఆ గదిలో కూర్చుంటే నెత్తి మీద చుక్కలు పడడం ఆమెకు తెలుసు. ఇంక ఆపెయ్యవయ్యా, ఇక్కడ ఆపి ఆ బిందె మాట అడిగెయ్యి అని మనసులో వెంకటేశ్వరుడికి కూడా మొక్కుకుంది. వెంకటేశ్వరుడు ఆ సాయంత్రం వేరే పనిలో ఉన్నట్టున్నాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా?" అన్నాడు కుళ్లాయప్ప.

తెలియదన్నట్టు ఓబిలేష్ టీ గరిటె పక్కన పెట్టేశాడు.

పోయినేడు రోహిణి కార్తెలో, కాకులు కూడా నీడలో నడిచి పోతున్న రోజుల్లో, కుళ్లాయప్ప తలుపు తీసి లోపలికి పోతే ఎదురుగా చెట్టు కనిపించలేదట. మంచు. చేతులు చాచి తడుముకుంటూ పోయి గోడకు కొట్టుకున్నాడు. తిరిగి రావడానికి దోవ తెలియక, సిద్దమ్మను కేకేసి, బయటినుంచి చేంతాడు వేయించుకుని దాన్ని పట్టుకుని బయటపడ్డాడు. ఆ మంచు రెండు రోజులకు చిక్కబడి మబ్బు అయింది. పెద్దదేం కాదు, ఉన్నమాట చెప్పాలి, మేకపిల్లంత మబ్బు. నల్లది. పైకప్పుకు మూతి రాసుకుంటూ ఈ మూల నుంచి ఆ మూలకు తిరిగేది. కుళ్లాయప్ప లోపలికి పోతే వెంట వచ్చేది. బాగా మాలిమి అయింది.

"మబ్బైతే మెరుపుండల్ల గదా బావా," అన్నాడు ఓబిలేష్.

"ఎందుకుండదు? అగ్గిపుల్లంత మెరుపు. నేను బీడీ నోట్లో పెట్టుకోని అగ్గిపెట్టె కోసరం జోబీ తడుముకుంటాంటే, సర్రుమని మెరిసె. బీడీ అంటుకునె. ఆ పొద్దు నుంచి నేను అగ్గిపెట్టె కొంటే ఒట్టు."

"ఉరుమో?"

"ఉరిమినాది. మీ అక్క వంటింట్లో కుక్కరు కూసిందనుకోని పరిగెత్తి పొయ్యి ఆర్పేసినాది. ఆ పొద్దు అన్నం పలుకు. అడుగు కావాలంటే."

మళ్లీ అందరూ సిద్దమ్మను చూశారు. ఒకరోజు అన్నం పలుకుగా దిగిన మాట నిజమే, గ్యాసు అయిపోయింది. ఆమె ఈసారి తలూపలేదు, అడ్డంగానూ ఊపలేదు. బొరుగులను మాత్రం కసి తీరా పిండింది.

ఆ మబ్బు ఒకనాడు కురిసిందట. ఎలా కురిసింది? తుంపరగా మొదలై, జల్లుగా మారి, చివరికి చెవులు గింగురుమనేట్టు కురిసింది. అద్దాల బయట నిప్పులు చెరిగే ఎండ, అద్దాల లోపల జడివాన. వీధిలో పోయే మేకలు ఆగి, అద్దానికి ముక్కులు ఆనించి చూశాయి. వాన వెలిశాక హరివిల్లు పొడిచింది. గది చిన్నది కాబట్టి అది సగం మడతపడి ఉంది. కుళ్లాయప్ప తడిసిన తువ్వాలు పిండి దాని మీదే ఆరేసుకున్నాడు. ఏడు రంగులూ అంటుకుంటే, అదిగో, ఇంకా పోలేదని భుజం మీది గళ్ల తువ్వాలు తీసి చూపించాడు.

రామాంజినమ్మ కూడా నవ్వింది. ఆమె నవ్వడం చూసి సిద్దమ్మకు ప్రాణం కాస్త కుదుటపడింది. వానంటే ఆ ఊరివాళ్లకు అంత. ఎవరి నోట్లో పడ్డా, అబద్ధపు వానైనా, వింటుంటే ఒళ్లు చల్లబడుతుంది. బల్ల మీద ఒక ముసలాయన చెప్పులు విడిచి, నీళ్లలో పెట్టుకున్నట్టు కాళ్లు ముందుకు చాపుకున్నాడు. ఓబిలేష్ పొయ్యి మీద పాలు పొంగిపోయినా చూసుకోలేదు. సిద్దమ్మకు మొగుడి మీద కోపం ముంచుకొస్తోంది, అంతలోనే ఆయన్ను చూస్తే ముచ్చటగానూ ఉంది. ఇన్నేళ్లయినా ఆ రెండిట్లో ఏది ఎక్కువో ఆమెకు తేలలేదు.

"ఆపైన కప్పలు వచ్చినాయి," అన్నాడు కుళ్లాయప్ప.

"కప్పలు యాడనుంచి వచ్చినాయి బావా?"

"కుందుర్పి నుంచి వచ్చినాయిరా. ఆడ వానల్లేక కప్పపిల్లలకు ఈత రాకుండా పోయినాది. సిన్నప్పుడే నేర్పకపోతే రేపు కుంట నిండినప్పుడు మునిగిపోతాయి గదా. అందుకని పిల్లల్ని వీపుల మీద ఎక్కించుకోని వరసగా వచ్చినాయి, పాపం. నేను కాదంటానా? రాండమ్మా అని తలుపు తీసినా. పొద్దున ఒక బ్యాచీ, మాపటికి ఒక బ్యాచీ."

నీళ్లు మోకాలిలోతు వచ్చాయి. తర్వాత నడుములోతు వచ్చాయి. తొట్టి తేలిపోకుండా సిద్దమ్మ పాత చీరతో దాన్ని గోడ మేకుకు కట్టారు. చెట్టు ఆకులు తుడవాలంటే పుట్టి వేసుకుని పోవలసి వచ్చింది. తెడ్డు లేక అట్లకాడతో తోసుకుంటూ పోయాడు. మధ్యలో గాలివాన పట్టుకుంటే ఎటు ఒడ్డో తెలియక ఒక పూటంతా నీళ్ల మీదే ఉన్నాడు. సిద్దమ్మ వెనక తలుపులో లాంతరు పట్టుకుని నిలబడితే, ఆ వెలుగు చూసుకుని ఒడ్డుకు చేరాడు. గది పొడవు ఎనిమిది అడుగులని అక్కడ అందరికీ తెలుసు. ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇది మాత్రం బయట చెప్పద్దండప్పా." కుళ్లాయప్ప గొంతు తగ్గించాడు. అందరూ ముందుకు వంగారు. "వానలు కొలిచే ఆఫీసరు వచ్చినాడు. జీపులో. వాసన పట్టినాడు. కొలిచే డబ్బా లోపల పెట్టినాడు, అది నిండి పొర్లిపాయ. బిందె పెట్టినాడు, పొర్లిపాయ. అప్పుడు కండ్లద్దాలు తుడుచుకోని ఏమన్నాడో తెలుసా? కుళ్లాయప్పా, మీ ఇంట్లో పడిన వాన కలిపి లెక్క ఏస్తే జిల్లాకు ఈ ఏడు వాన శానా ఎక్కువైపోయినాది, ఇంక కరువు జిల్లా అని రాయలేము, కరువు సాయమంతా నిలిచిపోతాది అన్నాడు. నా గుండె ఆగిపాయ. కాళ్ల మీద పడినా. సారూ, నా ఒక్కని ఇంట్లో వాన పడిందని ఇంతమంది నోట్లో మన్ను కొట్టద్దు, ఇది రాయద్దు అన్నా. ఆయప్ప మంచోడు. ఒగ దినమంతా ఆలోచన చేసి, ఇది వాన కాదు, చెమట అని రాసుకోని పోయినాడు. మీరందరూ ఈ పొద్దు కరువు సాయం తింటాండారంటే అది నేను పట్టిన కాళ్లు."

టీకొట్టు ఘొల్లుమంది. ముసలాయన దగ్గు తెరలో పడి నీళ్లు తాగవలసి వచ్చింది. రామాంజినమ్మ కళ్లు తుడుచుకుంటూ, అంత వాన తాగిన చెట్టు మరి ఆకాశానికి అంటి ఉండాలే అని అడిగింది.

"అదే గదా దాని గొప్ప," అన్నాడు కుళ్లాయప్ప ఏమాత్రం తొణక్కుండా. "వెంట్రుకవాసి పెరగలే. దాని పై ఆకుకూ అద్దానికీ నడాన ఒక సాలీడు గూడు కట్టినాది. చెట్టు పెరిగితే ఆ గూడు తెగిపోవల్ల గదా. తెగలే. ఆ సాలీడు ముసలిదై చచ్చిపాయ. దాని కొడుకుకు వచ్చినాది గూడు. వాడూ పాయ. ఇప్పుడు మునిమనవడు కాపురముంటాండాడు. ఊళ్లో మిద్దెలు పడిపోతాండాయి గానీ ఆ గూడు దారం కూడా సడలలే. అట్లాటి చెట్టుకు నీళ్లు ఏం పని? రామాంజినమ్మా, నన్నడిగితే, కొళాయి రాని దినం మీరే బిందెలెత్తుకోని మా ఇంటికి రాండి."

చెప్పడం అయిపోయింది. కుళ్లాయప్ప చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగి, పంట కుప్ప చేసిన రైతులా తృప్తిగా అందరినీ చూశాడు. ఇంత సంతోషంగా ఉన్న మనిషిని చూసి నవ్వనివాళ్లు ఎవరుంటారు. ఆ నవ్వుల్లోనే, బల్ల చివరి నుంచి గురప్ప గొంతు వినిపించింది.

"కుళ్లాయన్నా. అంత వాన పడినాది గదా. ఏమి విత్తినావు?"

కుళ్లాయప్ప అటు తిరిగాడు. "ఏమి?"

"ఏమి విత్తినావంటాండా."

కప్పలు ఎక్కడివంటే చెప్పాడు. మెరుపు ఎంతుందంటే చెప్పాడు. రైలుపెట్టెల్లో బతుకంతా గడిచిన మనిషి, ఆయనకు విత్తే ఆలోచనే రాలేదు. "గదిలో యాడ విత్తేదిలే," అని నసిగాడు.

గురప్ప తొందరపడకుండా, నేల వైపే చూస్తూ చెప్పాడు. "మన తట్టు దుమ్ము అణిగేంత జల్లు పడితే చాలు, మనిషి ఇంట్లో నిలబడడు. ఎద్దులు లేకపోతే ఒకరి కాళ్లు పట్టుకోనైనా గొర్రు కట్టి శెనక్కాయ విత్తుతాడు. పండుతాదా ఎండుతాదా అని చూడడు. తడి చూస్తే చెయ్యి ఆగదు. నడుములోతు వాన పడితే, ఒక మూల నాలుగు గింజలు కూడా ఎయ్యని మనిషిని నేను ఈ తట్టు చూడలే. ఆ గదిలో వాన పడలేదన్నా. పడింటే నువ్వు విత్తింటావు."

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. అన్నీ అతికాయి గానీ, ఈ ఒక్కచోట కుట్టు విడిపోయింది. తర్వాత వచ్చిన నవ్వు ఇందాకటి నవ్వులన్నిటికన్నా పెద్దది. కుళ్లాయప్ప కూడా నవ్వబోయి, రామాంజినమ్మ మొహం చూసి ఆగిపోయాడు. ఆమె నవ్వడం లేదు.

"వాన పడినాదో లేదో మీరూ మీరూ తేల్చుకోండి," అంది ఆమె. "నేను అడిగింది నీళ్ల సంగతి. ఆయప్పే చెప్పినాడు గదా, ఆ చెట్టుకు నీళ్లే అక్కర్లేదని. ఇంతమంది విన్నారు. రేపట్నుంచి ఆ బిందె గురప్పోళ్ల బర్రెకు పోతాది."

తాను తవ్విన గోతిలో తానే పడడం అంటే ఏమిటో సిద్దమ్మ కళ్లారా చూసింది. మొగుడి మొహంలో రంగు పోయింది. వాన పడిందంటే బిందె పోతుంది. పడలేదంటే పరువు పోతుంది. ఆయన పరువంతా ఆ కోతల్లోనే ఉంది, వేరే ఏం లేదని ఆమెకు తెలుసు. రైల్లో ఎప్పుడూ కిటికీ పక్కన కూర్చుని దూరం పోని మనిషి, అద్దాలు బిగించి పంపించిన మనిషి, ఎక్కడికీ పోకుండా అన్నీ చూసినట్టు చెప్పుకుని బతికాడు. లేచి పోయి తానే చెబుదామా అనుకుంది. కానీ అడగవలసింది ఆయన.

కుళ్లాయప్ప చేతిలో ఖాళీ గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"పడలే," అన్నాడు చివరికి. "గురప్ప చెప్పింది నిజమే. వాన పడలే. చుక్కలు పడతాయి, అంతే. దానికి నీళ్లు కావాలమ్మా. లేకుంటే సచ్చిపోతాది."

ఆ గొంతు ఎవరికీ తెలిసిన గొంతు కాదు. ఓబిలేష్ పొంగిన పాలు తుడుస్తూ ఆగిపోయాడు. సిద్దమ్మ తల ఎత్తి మొగుణ్ణి చూసింది. ఇన్నేళ్ల కాపురంలో తన కోసం కూడా ఆయన ఇంత చిన్న మాట ఎప్పుడూ చెప్పలేదు. ఆ పచ్చటి చెట్టంటే ఆయనకూ ఇంత ప్రాణమా అనుకుంది, తనకు ఉన్నంతా అనుకుంది.

"ఎన్ని కావాల?" రామాంజినమ్మ గొంతు కూడా కాస్త మెత్తబడింది.

"ఎన్నో అక్కర్లేదు." కుళ్లాయప్ప తల ఎత్తాడు. ఎత్తగానే, ఎదురుగా అన్ని మొహాలు తన మాట కోసం చూస్తూ కనిపించాయి. పాడు నాలుక, అంత దెబ్బ తిన్నా బుద్ధి తెచ్చుకోలేదు. "పదైదు దినాలకొక బిందె చాలు."

సిద్దమ్మ నెత్తి మీద పిడుగు పడినట్టయింది. పదిహేను రోజులు. వారానికొక బిందె పోస్తేనే తొట్టిలో మన్ను పైపైన ఆరుతోంది. నిజం చెప్పేటప్పుడు కూడా ఒక వారం కలిపాడు.

వీధివాళ్లు ఒక్కసారిగా లేచారు. తులసికోటకే రోజూ చెంబుడు పోస్తే గానీ నిలవడం లేదు, తాటిచెట్టు ఒక్క బిందెతో పదిహేను రోజులు బతుకుతుందా, మబ్బు నమ్మాం, కప్పలు నమ్మాం, ఇది మాత్రం నమ్మం అన్నారు. ఆఫీసరు కథ కన్నా ఇదే పెద్ద కోత అన్నాడు ముసలాయన. కుళ్లాయప్ప నిజమప్పా, నిజమప్పా అంటున్నాడు గానీ వినేవాడు లేడు. రామాంజినమ్మ చెయ్యెత్తి అందరినీ ఆపి, ఇటు తిరిగింది.

"వదినా, నువ్వు చెప్పు. నీ మాట మీద ఇస్తా. పదైదు దినాలకొక బిందె చాలునా?"

చాలునంటే మొగుడి మాట నిలబడుతుంది, చెట్టు ఎండుతుంది. చాలదంటే అంతమందిలో పెళ్లాం కూడా ఆయన్ను అబద్ధాలకోరును చేసినట్టవుతుంది. మింగలేక కక్కలేక ఆమె కుళ్లాయప్పను చూసింది. ఆయన ఆమెను చూడడం లేదు. కుడిచేతి గోటితో బల్ల చెక్కను గీకుతున్నాడు. సిద్దమ్మ బొరుగుల తడి కొంగుకు తుడుచుకుని లేచి నిలబడింది.

"చాలదు," అంది. "వారానికొకటి కావాల. మా ఇంట్లో ఆయప్ప ఏం చెప్పినా సగం చేసుకోని వింటాం. పదైదంటే వారం. ఆ లెక్కతో ఇన్నేండ్లు కాపురం జరిగినాది, ఒక్కనాడూ తప్పు పోలే. ఆ చెట్టు నాక్కావాల రామాంజినమ్మా. నేను దినామూ దాని కాడ కూర్చుంటా."

నవ్వు మెల్లగా మొదలై బల్లంతా పాకింది. రామాంజినమ్మ నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుని, ఆపుకోలేక వదిలేసింది. వారానికొక బిందె, సిద్దమ్మ పేరు మీద, చెట్టు పేరు మీద కాదు, కుళ్లాయప్ప పేరు మీద అసలే కాదు అని తేల్చి చెప్పింది. ఎవరూ అడ్డు చెప్పలేదు. ఓబిలేష్ అక్క చేతిలోంచి బొరుగుల గిన్నె తీసుకుని బాణలిలో తిరగమోత వేశాడు. వేగిన ఉల్లిపాయల వాసన వీధి మలుపు దాకా పోయింది.

కుళ్లాయప్ప భార్యను దొంగచూపు చూశాడు. దినామూ దాని కాడ కూర్చుంటుందన్న మాట ఆయన ఇప్పుడే విన్నాడు. మొహంలోకి మళ్లీ రంగు వచ్చింది. వెన్ను నిటారైంది. ఇంక ఆపడం ఎవరి తరమూ కాదని సిద్దమ్మకు అప్పుడే అర్థమైంది.

"మా సిద్ది లెక్క తప్పు పోదు," అన్నాడు బల్లంతా వినేట్టు. "సగమనింది గదా. సగమే అనుకోండి. నేను నడుములోతు వాన అంటి. సగం తీసేస్తే మోకాలిలోతు. కాదంటారా? సగం వానైతే పడినట్టే గదప్పా."

అందరూ గురప్ప వైపు చూశారు. గురప్ప ఉగ్గాని పొట్లం కట్టించుకుని, ఇంటికి పోవడానికి అప్పుడే లేచాడు.

"సగం వాన ఖాయంగా పడేతట్టుంటే," అన్నాడు, "ఆ గదిలో ఒక మూల నాకు గుత్తకియ్యన్నా. అంత నమ్మకమైన చేను నాకు ఈ జిల్లాలో యాడా దొరకలే."